టేపమ్మ కొన్న కొలను

ఆ సందులో ఆవిణ్ణి అందరూ టేపమ్మ అనేవాళ్ళు. కర్టెన్లు కుట్టే షాపులో పని. పొద్దున మెడలో వేసుకున్న కొలతల టేపు మళ్ళీ పక్క మీదకి చేరేటప్పుడే తీసేది. ఏ కిటికీనైనా ఓసారి ఎగాదిగా చూసి పొడవూ వెడల్పూ చెప్పేసేది. తర్వాత టేపు పెట్టి చూస్తే వేలెడు తేడా ఉండేది కాదు. అందుకే తన కంటి మీద తనకి మహా నమ్మకం. మాట కూడా కత్తెరలాగే, ఒకసారి పడిందంటే ముక్క తెగాల్సిందే.

భర్త లేతు మిషను మీద పనిచేసేవాడు. రోజంతా ఆ రొదలో ఉండి ఉండి ఇంటికొచ్చాక మాట తక్కువ, వేళాకోళం ఎక్కువ.

షాపు యజమాని అద్దాల కిటికీలో సోకుకి పెట్టిన చేపల తొట్టి తీసేస్తూ "ఎవరికైనా కావాలా?" అని అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. ఎక్కడ పారబోస్తారోనని ప్రాణం ఒప్పక, టేపమ్మే వాటిని బకెట్లో ఇంటికి మోసుకొచ్చింది. ఏడు గోల్డ్‌ఫిష్‌లు, నారింజ తొక్క రంగువి. ఇంటి వెనక నాలుగు చాపలు పరిచినంత తోట ఉంది. అక్కడున్న పాత సిమెంటు తొట్టిని భర్త నేలలోకి దించి, ఎండకి చేపలు తలదాచుకోవడానికి లోపల ఓ మూల ఇటుకలు పేర్చి, పైన రాతిపలక పెట్టాడు.

"ఇదిగో, నీ చేపలకి డాబా ఇల్లు. అద్దె నువ్వే వసూలు చేసుకో" అన్నాడు.

పని నుంచి రాగానే టేపమ్మ ఆ తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చునేది. షాపులో ఎవరు ఏం అన్నారో, ఏ కస్టమరు ఎంత విసిగించాడో చేపలకి చెప్పేది. అవి నోళ్ళు తెరిచి మూస్తూ ఉంటే ఊ కొడుతున్నట్టే ఉండేది.

గోడకి అవతలి ఇల్లు బస్సు డ్రైవరుగారిది. భార్య పోయాక ఆయనకి ఇంట్లో మిగిలిన తోడల్లా ఆవిడ పెంచిన పిల్లి ఒక్కటే. బూడిదరంగుది, పేరు కూడా బూడిదే. సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చే వేళకి గేటు మీద కూర్చుని ఎదురుచూసేది.

ఆ ఎండాకాలం తొట్టిలో నీళ్ళు చిక్కటి ఆకుపచ్చగా మారిపోయాయి. చేపలు ఒక్కొక్కటే కనిపించడం మానేశాయి. చివరికి మేత వేస్తే పైకి వచ్చేవి రెండే. టేపమ్మకి అన్నం సహించలేదు. ఓ పొద్దున తలుపు తీసేసరికి తొట్టి అంచున బూడిద కూర్చుని ఉంది. ముందుకాలు తడిగా ఉంది, దాన్ని నాక్కుంటోంది.

ఆవిడ చూసింది అంతే.

చేతిలో చీపురు కూడా పడెయ్యకుండా డ్రైవరుగారి గేటు దగ్గరికి వెళ్ళింది. "మీ పిల్లి నా చేపల్ని పొట్టన పెట్టుకుందండీ!" అని అరిచింది. సందులో కిటికీలు తెరుచుకున్నాయి. డ్రైవరుగారు యూనిఫారం గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు.

"అమ్మా, అది మూత తీసి ఉన్న పాలు కూడా ముట్టుకోదు. మా ఆవిడ అలా పెంచింది. మీరు చూశారా తింటుంటే?"

నలుగురూ వింటున్నారు. చూడలేదంటే తను గేటు దాకా వచ్చిందంతా గాలికి పోతుంది. నోరు దానంతటదే కదిలింది.

"చూశానండీ. ఈ రెండు కళ్ళతో చూశాను. నోట్లో తోక ఇంకా ఆడుతోంది."

ఆయన ఆఖరి గుండీ పెట్టుకున్నాడు. "మీ కళ్ళతో చూశారంటే ఇంకేముందమ్మా" అని లోపలికి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా గేటు మీద పిల్లి కనపడటం మానేసింది. ఆఖరి స్టాపు దగ్గర ఉండే కండక్టరుకి ఇచ్చేశాడని ఎవరో చెప్పారు. ఆ తర్వాత రెండిళ్ళ మధ్యా మాటల్లేవు. అప్పుడప్పుడు మనసులో ఆ ఆడుతున్న తోక మెదిలేది. అనగా అనగా తనే నిజంగా చూసినట్టు అనిపించసాగింది.

వానలు తగ్గాక ఆవిడకి పెద్ద కొలను కావాలనిపించింది. మిగిలిన రెండు చేపలైనా ఏ పిల్లికీ అందకుండా, లోతుగా, అంచు నిటారుగా ఉన్నది. తోటంతా కొలిచింది. చెట్టు కింద వద్దు, ఆకులు రాలి నీళ్ళు కుళ్ళుతాయి. గోడ వారన వద్దు, ఎండ రాదు. చివరికి బట్టలారేసే తీగ కింద చోటు ఖాయం చేసి, సుద్దముక్కతో గీత గీసి, భర్తని వెంటబెట్టుకుని షాపుకెళ్ళింది.

అక్కడ నల్లటి ఫైబరు తొట్లు బోర్లించిన పడవల్లా వరసగా ఉన్నాయి. గుండ్రటివి, పలకలవి, జీడిపప్పు ఆకారంవి.

"లోతొక్కటే చూడకండమ్మా" అన్నాడు అమ్మేవాడు. "నోరు వెడల్పుగా ఉంటే నీళ్ళకి గాలి బాగా ఆడుతుంది. గోల్డ్‌ఫిష్‌లంటే జానెడు పెరిగే చేపలు. ఇరుకులో పెడితే గిడసబారిపోతాయి."

గుండ్రంది ముద్దుగా ఉంది కానీ చిన్నది. పలకలది శవపేటికలా ఉందని భర్త అన్నాడు. జీడిపప్పుది అన్నిటికన్నా పెద్దది. టేపమ్మ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి, టేపు విప్పి, కొలిచి, మళ్ళీ కొలిచింది.

"రెండు చేపలకి ఇంతదా?" అన్నాడు భర్త. "మనమూ అందులోనే కాపురం పెట్టచ్చు."

"మీకేం తెలుసు, పిల్లలు పెడతాయి" అని అదే తీసుకుంది.

సెలవురోజు వ్యానువాడు దాన్ని ఇంటిముందు దింపాడు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. తోట కొలిచిన మనిషి, తోటలోకి వెళ్ళే దారి కొలవలేదు. ఇంటికీ ప్రహరీకీ మధ్య సన్నటి నడవ. తొట్టిని నిలబెట్టినా, పడుకోబెట్టినా, ఏటవాలుగా తిప్పినా పట్టలేదు. ఎదురింటివాళ్ళు మెట్ల మీద కూర్చుని మరీ చూస్తున్నారు. టేపమ్మకి తల కొట్టేసినట్టయింది. అయినా ఆ సిగ్గు చిన్నది. అది ఆవిడకి అప్పుడు తెలీదు.

"డ్రైవరుగారి పక్క గేటు వెడల్పు. అటునించి తెచ్చి గోడ మీదుగా ఎత్తాలి. వెళ్ళి అడుగు" అన్నాడు భర్త.

"నేనడగను. తొట్టి సందులోనే ఉండనీండి."

చివరికి భర్తే వెళ్ళి అడిగాడు. డ్రైవరుగారు గేటు రెండు రెక్కలూ తీశాడు. తీసి ఊరుకోలేదు, లుంగీ ఎగ్గట్టి తనూ ఓ పక్క పట్టాడు. గోడ ఇవతల టేపమ్మ చేతులు చాచి అందుకుంటుంటే నల్లటి అంచు మీదుగా ఆయన మొహం ఎదురైంది. "జాగ్రత్తమ్మా, వేళ్ళు" అన్నాడు. చాలాకాలానికి ఆ గొంతు తనతో అన్న మొదటి మాట అది.

ఎలాగూ వచ్చాడు కదా అని, పాత తొట్టి ఖాళీ చెయ్యడానికి కూడా ఆగాడు. భర్తా ఆయనా బకెట్లతో పచ్చనీళ్ళు తోడి చెట్లకి పోశారు. టేపమ్మ టీ పెట్టి తెచ్చి గట్టు మీద ఉంచింది. రెండు చేపల్నీ వలగుడ్డతో పట్టి బకెట్లో వేసింది. అడుగున మోకాలి లోతు నీళ్ళు మిగిలాయి.

"ఈ పలక తీసేద్దాం, పట్టండి" అని భర్తా డ్రైవరుగారూ చెరో పక్కా ఎత్తారు.

దాని కింద, ఇటుకల సందున, నీళ్ళు ఒక్కసారి కలకలలాడాయి. ఎర్రటి వీపులు. ఒకటి కాదు, రెండు కాదు. అరచెయ్యంత లావున పెరిగినవి, వెలుతురుకి బెదిరి ఒకదానిమీదొకటి పడి కొట్టుకుంటున్నాయి. చీకట్లో, నాచు తింటూ, దోమపిల్లల్ని తింటూ ఇన్నాళ్ళూ అక్కడే ఉన్నాయి.

"అరే, ఇక్కడున్నాయేమిటే ఇవి!" అని నవ్వబోయిన భర్త సగంలోనే ఆగిపోయాడు. అయిదూ ఉన్నాయి. ఒక్కటి కూడా తగ్గలేదు.

డ్రైవరుగారు పలకని మెల్లిగా, చప్పుడు కాకుండా నేల మీద పెట్టాడు. వంగి చేపల్ని చూశాడు. టేపమ్మ వంక మాత్రం చూడలేదు. "బాగానే పెరిగాయి" అన్నాడు. చేతులు తుడుచుకుని గోడ అవతలికి వెళ్ళిపోయాడు. టీ గట్టు మీదే చల్లారిపోయింది.

నేల విచ్చుకుని తనని మింగేస్తే బాగుండుననిపించింది టేపమ్మకి.

"పొరపాటు ఎవరైనా పడతారు" అన్నాడు భర్త, ఆ రాత్రి అన్నం దగ్గర.

"పొరపాటు కాదండీ. చూశానన్నాను."

"అంటే?"

"చూడలేదు."

ఆయనకి వేళాకోళం రాలేదు. కంచం ముందు పెట్టుకుని చాలాసేపు ఊరికే అన్నం కలుపుతూ కూర్చున్నాడు.

తర్వాతి రోజుల్లో ఆవిడ షాపులో ఖరీదైన గుడ్డ తలకిందులుగా కత్తిరించింది. కొత్త కొలనులో చేపలు హాయిగా తిరుగుతున్నా వెనక తలుపు తీసేది కాదు, మేత భర్తే వేసేవాడు. డ్రైవరుగారి బస్సు వచ్చే వేళ చూసుకుని, అది వెళ్ళాకే స్టాపుకి వెళ్ళేది. తేలు కుట్టిన దొంగ బతుకైపోయింది. ఓ సాయంత్రం వేళ తప్పి సరిగ్గా ఆయన బస్సే వచ్చి ముందు ఆగింది. ఆవిడ అటు తిరిగి నిలబడింది. తలుపు మూసుకోలేదు. వెనక బస్సులు హారన్లు కొడుతున్నాయి.

"ఎక్కమ్మా" అన్నాడు ఆయన.

తల వంచుకుని ఎక్కింది. తన స్టాపు వచ్చింది, దిగలేదు. అందరూ దిగిపోయాక, ఆఖరి స్టాపులో ఇంజను ఆగాక, సీటు లోంచి లేచి వెళ్ళి ఆయన వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది.

"అన్నయ్యగారూ, ఆ రోజు నేను చూడలేదు. కాలు తడిగా ఉండటం చూశాను, అంతే. తోక సంగతి... నేనే కల్పించాను."

ఆయన స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు.

"పలక ఎత్తినప్పుడే తెలిసిందమ్మా" అన్నాడు. "ఆ పొద్దున లోపలికెళ్ళి దాన్ని చెప్పుతో కొట్టాను. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ దాని మీద గొంతు కూడా పెంచలేదు. కొడుతుంటే పారిపోలేదది. నా కాళ్ళ దగ్గరే నక్కి కూర్చుంది. మీరు మాట అన్నారు. కొట్టింది నేను."

కాళ్ళ మీద పడదామన్నా ఆ ఇరుకులో చోటు లేదు. ఆవిడ ఏడవలేదు కూడా. ఏడిస్తే ఆయనే ఓదార్చాల్సి వస్తుందని తోచి పళ్ళు బిగబట్టుకుంది.

"కండక్టరుగారిల్లు ఎక్కడండీ?"

"ఆ మలుపు తిరగ్గానే. కానీ అది అక్కడ లేదు. నాలుగు రోజులుండి పారిపోయిందట."

అయినా వెళ్ళింది. కండక్టరు భార్య గుమ్మంలోనే, "ఐసు ఫ్యాక్టరీ షెడ్ల మీద బూడిదరంగుదేదో తిరుగుతుంటుంది, అదేనో ఏమో" అంది. టేపమ్మ ఆ షెడ్ల చుట్టూ, తడి రంపంపొట్టులో చెప్పులు కూరుకుపోతుంటే, "బూడిదా, బూడిదా" అని పిలుస్తూ తిరిగింది. ఐసు మోసేవాళ్ళు పనాపి చూశారు. రేకుల మీద ఒక పిల్లి తల తిప్పి ఆవిడ వంక చూసింది. బక్కచిక్కి, చెవి చిరిగి ఉంది. రెండోసారి పిలిచేసరికి అవతలి వైపు దూకేసింది.

బస్సు ఇంకా కదల్లేదు. తిరుగు ప్రయాణానికి జనం ఎక్కేసి ఉన్నారు. ఆవిడ మెట్టు మీద కాలు పెట్టగానే డ్రైవరుగారు ఇటు తిరిగాడు.

"కనిపించిందా?"

అవునంటే ఆ మొహం వెలుగుతుంది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా.

"ఒకటి కనిపించింది. బూడిదరంగే. అదో కాదో నేను చెప్పలేనండీ" అంది.

ఆయన తల ఊపి బస్సు తీశాడు.

తర్వాత సెలవులో ఆయన ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాడని కండక్టరు ద్వారా తెలిసింది. ఏం చూశాడో ఎవరికీ చెప్పలేదు. పిల్లి మాత్రం రాలేదు. టేపమ్మ కిరాణా కొట్టు దగ్గర, నలుగురూ ఉన్నప్పుడే, "ఆ పిల్లి ఏ పాపం ఎరగదు, నేనే అబద్ధం ఆడాను" అని చెప్పింది. కొందరు అయ్యో అన్నారు, కొందరు నవ్వారు. ఆ పైన ఆవిడ ఏది చూశానన్నా, "ఏదీ, టేపు పెట్టి చూశావా?" అని అడగడం సందులో అలవాటైపోయింది. ఆవిడ తిరిగి ఒక్క మాట అనేది కాదు.

కొలనులో నీళ్ళు తేరుకున్నాయి. ఏడు చేపలూ మధ్యాహ్నం ఎండకి పైకి తేలి, ఆ చివర నుంచి ఈ చివరకి బారులు తీరి ఈదేవి. ఓ సెలవు రోజు వంటగది కిటికీలోంచి చూస్తే, గోడ అవతల డ్రైవరుగారు రెండు మోచేతులూ గోడ మీద ఆన్చి వాటిని చూస్తూ నిలబడి ఉన్నాడు. భర్త "టీ తీసుకెళ్ళి ఇవ్వు" అన్నాడు. ఆవిడ వద్దని సైగ చేసింది. తను కనిపిస్తే ఆయన వెళ్ళిపోతాడేమోనని, కుళాయి కట్టేసి, ఆయన చూడటం అయ్యేదాకా కిటికీకి పక్కగా గోడకి ఆనుకుని నిలబడిపోయింది.