మా సంగీతం టీచరు విన్న లాటిన్ పాటలు

మా సంగీతం టీచరు పోయిన ఆదివారం కన్నుమూశారు. చర్చిలో పాటల సాధన ముగించి బయటికి వస్తుంటే ఆవిడ కోడలు ఫోన్ చేసింది. "అత్తమ్మ ఎల్లిపోనారక్కా" అంది.

టెక్కలి ఆడపిల్లల బడిలో ఆవిడ దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళం చాలామందిమి. ఆవిడ గుడి అర్చకుల ఇంటి బిడ్డ. రిటైరయ్యాక మా పక్క వీధిలో ఉండేవారు. ఏదైనా వినాలంటే, ఎంత ఎండాకాలమైనా, ముందు ఫ్యాను ఆపేసేవారు. "ముందు ఇను. బాగుందో లేదో తర్వాత సెబుదువు" అనేవారు మాతో.

కొన్నేళ్ళ క్రితం, ఈస్టరు ముందు మేము ఉపవాసాలుండే తపస్సుకాలంలో, ఇంట్లో ఫోన్‌లో ఒక లాటిన్ పాట వింటున్నాను. ఐదువందల ఏళ్ళ కిందట యూరప్ చర్చిల్లో వాయిద్యాలు లేకుండా బృందంగా పాడుకున్న రకం. కరివేపాకు కోసం వచ్చిన టీచరు గుమ్మంలోనే ఆగిపోయారు. లోపలికొచ్చి ఫ్యాను ఆపారు.

"ఏటమ్మా ఇది? తాళం ఎక్కడుంది?"

"దేవుణ్ణి క్షమించమని అడిగే పాట, టీచర్. పాపం సేసినాను, కరుణించు అని."

మళ్ళీ పెట్టించుకున్నారు. కళ్ళు మూసుకుని, వేళ్ళతో ఒక్కో గొంతునూ విడదీస్తూ విన్నారు.

"ఒకడు మొదలెడతన్నాడు. ఆడి మాట అవ్వకముందే ఇంకొకడు అదే మాట అందుకుంటన్నాడు. ఇంతకీ తప్పు సేసింది ఒక్కడా, అందరూనా?"

ఆ ప్రశ్న ఆవిణ్ణి వదల్లేదు. మర్నాడు వచ్చారు, ఆ మర్నాడూ వచ్చారు. మన భజనలో ఒకరు అంటే మిగతావాళ్ళు ఒక్కసారిగా అందుకుంటారు. వీళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోతూనే ఎలా కలుస్తున్నారో ఆవిడకు తేలాలి. ఒక్కో గొంతునూ పట్టుకుని స్వరాలు కట్టి నాకు పాడి చూపించేవారు. బతుకంతా పాట నేర్పిన మనిషి ఆ వయసులో కొత్తగా వినడం మొదలుపెట్టారు. అది దగ్గరుండి చూడటం నాకు దక్కిన అదృష్టం.

ఒకరోజు మరియమ్మ పాట పెట్టాను. సిలువ కింద నిలబడ్డ తల్లి పాట. అర్థం చెప్పాక టీచరు ఆ పాటను మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారు.

ఆవిడ ఒక్కగానొక్క కొడుకు అప్పటికే కిడ్నీ జబ్బుతో పోయాడు. పలాస జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే అమ్మాయిని ఇష్టపడి చేసుకుని, ఆమె ఊరు వజ్రపుకొత్తూరులోనే కాపురం పెట్టాడు. ఆ చుట్టుపక్కల ఊళ్ళల్లో చాలామందికి ఆ జబ్బే. అక్కడి నీళ్ళే వాణ్ణి తినేశాయని, అక్కడికి తీసుకెళ్ళింది కోడలేనని టీచరు గట్టిగా నమ్మారు. దినాలనాడు నలుగురిలో ఆ మాట అనేసి వచ్చారు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

"ఈ తల్లి గొల్లుమనదేటి?" అన్నారు చివరికి. "కళ్ళముందు కొడుకు పోతన్నాడు గదా. పాటలో ఎక్కడా గొంతు పగల్లేదు."

"ఒక్కర్తే లేదు గదా, టీచర్. పక్కన మనుషులున్నారు."

"నాకూ ఒకర్తుంది" అన్నారు. "నన్ను కోడలి దగ్గరికి తీసుకెల్తావా?"

శనివారం పలాసలో బస్సు మారి వెళ్ళాం. కోడలు అప్పుడే పని నుంచి వచ్చినట్టుంది. మమ్మల్ని చూసి కంగారుగా కుర్చీ తెచ్చి వేసింది. టీచరు కూర్చోలేదు.

"తప్పు నాదేనమ్మా. ఆ రోజు నిన్ను అనకూడని మాట..."

"నాదే అత్తమ్మా. నానే ఆయన్ని ముందుగా ఆస్పత్రికి..."

ఒకరి మాట పూర్తికాకుండానే ఇంకొకరు అందుకున్నారు. కాసేపటికి ఏ మాట ఎవరిదో నాకు తెలియలేదు. నేను వాకిట్లోకి వచ్చేశాను.

తర్వాత కోడలు టెక్కలి వచ్చి టీచరుతోనే ఉంది. చివరిదాకా చూసుకుంది. తప్పు ఒక్కడిదా, అందరిదా అన్న ప్రశ్నకు మాత్రం టీచరుకి జవాబు దొరకలేదు.

ఇప్పుడు ఆవిణ్ణి తలుచుకుంటే నాకు కనిపించేది ఆ శనివారం సాయంత్రమే. కొబ్బరిచెట్ల నీడలో అత్తాకోడళ్ళు అరుగు మీద కూర్చున్నారు. జీడిగింజల పెంకు రసం అంటి, కాలి నల్లబడ్డ కోడలి వేళ్ళకు టీచరు కొబ్బరినూనె రాస్తున్నారు, ఒక్కో వేలుకీ. మేము ఎక్కాల్సిన బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది. ఆవిడ తల ఎత్తలేదు.