పద్నాలుగో నంబరు పెద్దమ్మ

నాచారం పారిశ్రామికవాడలో మందుల కంపెనీలకు కొదవ లేదు. వాటిలో ఒకదాని వెనక గోడ దగ్గర పొద్దున్నే నిలబడితే సకిలింపులు వినిపిస్తాయి. ఆ వీధిలో కొత్తగా అద్దెకు దిగినవాళ్లు బారాత్ గుర్రాలేమో అనుకుంటారు. పాపం, ఆ గుర్రాలు ఒక్క పెళ్లీ చూసి ఎరగవు. అవి మందు తయారుచేసే గుర్రాలు, వాటిని సాకేది సాంబయ్య.

సాంబయ్యది జనగామ వైపు ఊరు, గొర్లు కాసుకు బతికిన ఇల్లు. అతనికి తొమ్మిదేళ్లప్పుడు దొమ్మరోగం వచ్చి వారం రోజుల్లో మందకు మంద తుడిచిపెట్టుకుపోయింది. చచ్చిన గొర్రెల తోళ్లు ఒలిచిన తండ్రి చేతి మీద నల్లటి పుండు లేచింది. నొప్పే లేదని ఆయన నవ్వాడు. నాలుగో నాటికి పాడె ఎక్కాడు. ఆ మంద తాలూకు గుర్తుగా కొడుక్కి మిగిలింది ఒక్క వెదురు గొట్టం, జీవాలకు మందు తాగించేది. ఉప్పల్‌లో అతని అద్దె గదిలో అది ఇప్పటికీ మేకుకు వేలాడుతోంది.

కంపెనీ గుర్రాలకు పేర్లుండవు, నంబర్లే. పద్నాలుగో నంబరు ఆడగుర్రం అన్నిట్లోకీ వయసులో పెద్దది కాబట్టి సాంబయ్య దాన్ని పెద్దమ్మ అంటాడు. అది కూడా అతని మాట తప్ప ఇంకొకరి మాట ఖాతరు చెయ్యదు. పని గురించి అతనికి తెలిసింది ఇంతే: కోరలు తీసినట్టు బలం తగ్గించిన విషమేదో కొద్దికొద్దిగా మెడలో సూది వేస్తారు. ఒంట్లో విరుగుడు పుడుతుంది. అప్పుడు నెత్తురు తీసి, అందులోని పసుపుపచ్చ నీరు ఉంచుకొని, ఎర్రటిది తిరిగి గుర్రానికే ఎక్కిస్తారు. ఏ విషమో అతను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మొన్న శ్రావణంలో సూది పడ్డాక పెద్దమ్మకు ఒళ్లు కాలిపోయింది. మెడ వాచింది, మేత ముట్టలేదు. రెండు రోజుల్లో అదే తగ్గుతుందని, ఏమీ పెట్టొద్దని కంపెనీ పశువుల డాక్టర్ పూర్ణిమ గట్టిగానే చెప్పింది. కానీ జీవం మేత మానేస్తే చేతులు కట్టుకొని కూర్చునే కాపరి ఉంటాడా? సాయంత్రం సాంబయ్య ఇంటికెళ్లి గొట్టం తెచ్చాడు. వేపాకు, వాము, మిరియాలు నూరి కాచిన కషాయం దాని గొంతులో పోశాడు. తెల్లారేసరికి గుర్రం మేత అందుకుంది. అతను లోలోపల తెగ మురిసిపోయాడు.

పదో రోజు నెత్తురు తీశారు. సంచులు నిండాయి. ఈ పది రోజుల్లో మేత, నీళ్లు తప్ప ఇంకేమీ పెట్టలేదని రిజిస్టర్‌లో రాసి పూర్ణిమ సంతకం చెయ్యబోయింది. పది రోజులూ దగ్గరుండి చూసింది ఆమె కాదు, సాంబయ్య. అతని మీది నమ్మకమే ఆ సంతకం. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. తెరిస్తే పదహారేళ్ల కొలువు పోవచ్చు.

“సంతకం పెట్టకుండ్రి మేడం. నేను కషాయం తాపిన.”

ఆమె మొహం ఎర్రబడింది. వేరే మందు కలిసింది మనుషులకు ఎక్కించడానికి పనికిరాదని, తీసిన పసుపు నీరంతా అక్కడికక్కడే పక్కన పెట్టించి, పారబోయమంది.

“ఇది దేనికి మందో ఎరుకేనా సాంబన్నా? దొమ్మకు.”

ఆ మాటతో సాంబయ్య గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. కాసేపటికి తండ్రి సంగతి చెప్పాడు. పూర్ణిమ కోపం దిగింది. మేత బస్తా మీద కూర్చుని విడమర్చి చెప్పింది. ఇంగ్లీషులో ఆంత్రాక్స్ అనే ఆ రోగాన్నే ఎవరైనా పగబట్టి గాలిలో చల్లితే, పీల్చిన వాళ్లను కాపాడటానికి ఈ మందు చేసి చల్లగా దాస్తారట. గడువు తీరితే పారేసి, మళ్లీ మొదలుపెడతారట.

“కావాలని సల్లుతరా మేడం?”

“సల్లుతరేమోనని భయం.”

“గిప్పటిదాక ఎన్ని వాడిన్రు?”

“మనం చేసినదాంట్ల ఒక్కటి గూడ లేదు. ఎన్నడూ అక్కర రావొద్దనే మొక్కుకుంటం.”

మనుషుల్లో అంత పాపిష్టివాళ్లుంటారా అనుకున్నాడు సాంబయ్య. అక్కరకే రావొద్దని కోరుకుంటూ ఏళ్లకేళ్లు ఇంత శ్రద్ధగా మందు చేసేవాళ్లూ ఉంటారా అనుకున్నాడు. తలెత్తి చూస్తే పెద్దమ్మ. తన మందనూ తండ్రినీ మింగినదాని విషాన్ని నెత్తుట్లో అరిగించుకొని, తీరిగ్గా గడ్డి నములుతోంది. ఎనిమిదేళ్లుగా దీని పేడ ఎత్తుతూ ఇదేమిటో తనకు తెలియలేదు. అతని చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

పూర్ణిమ పైవాళ్లతో మాట్లాడింది. తప్పును రిజిస్టర్‌లో అతని చేతే రాయించి, కొలువులో ఉంచారు.

కార్తీకంలో మళ్లీ సూది, మళ్లీ జ్వరం. ఈసారి గొట్టం మేకు మీదే ఉంది. సాంబయ్య మాత్రం కొట్టం వదలలేదు. కాలిపోతున్న ఆ మెడ మీద చెయ్యి వేసి పొద్దంతా నిలబడ్డాడు.

“జర ఓర్సుకో పెద్దమ్మా. నువ్వే మందువైతివి, నీకు నేనేం మందు పెట్టాలె?”

మూడో నాడు అది బకెట్లో మూతి పెట్టింది. పదో రోజు సాంబయ్య వంకర అక్షరాలతో రిజిస్టర్‌లో రాశాడు: మేత, నీళ్లు. ఇంకేమీ పెట్టలేదు. పూర్ణిమ అది చదివి, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా కింద సంతకం పెట్టింది.