పసుపు కింద పరాయి గుర్రం

ఆరేళ్లుగా ఇది నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెబుతున్నాను. తెలిసినవాళ్లకైతే చచ్చినా చెప్పను.

మాది జగిత్యాల దిక్కు ఇబ్రహీంపట్నం దగ్గర ఊరు. ఇంటి దేవుడు మల్లన్న. దేవుని అర్రలో, మా అత్తమ్మకు ఆమె అత్త ఇచ్చిన వెండి బిళ్ళ ఉండేది. గుర్రం మీద మల్లన్న, పక్కన కుక్క. ప్రతి ఆదివారం దాన్ని కడిగి బండారి, అంటే పసుపు, పూయాలి. ఒక శనివారం దాన్ని చింతపండుతో తోముతూ, బల్గేరియాలో హోటల్ వంటింట్లో పనిచేసే మా ఆయనతో వీడియోకాల్‌లో కొట్లాడుతున్నాను. ఆ కోపంలో గిన్నెడు నీళ్లూ చూడకుండా మోరీలో కుమ్మరించాను. బిళ్ళ కూడా పోయింది. చెయ్యి పెట్టి వెతికాను, కట్టె పెట్టి కెలికాను. దొరకలేదు.

నిజం చెప్పాలి కదా! చెప్పలేదు. ఆయన సెలవుకు వచ్చినప్పుడు డబ్బాలో వేసిపోయిన చిల్లర గుర్తొచ్చింది. అందులో ఇరవై స్తోతింకీల తెల్ల నాణెం. మనకు పైసలెట్లానో వాళ్లకు స్తోతింకీలట్లా. దాని మీదా గుర్రం, రౌతు, వెనక కుక్క. మదరా అనే చోట కొండరాతి మీద పన్నెండు వందల ఏళ్లకు ముందే చెక్కిన రౌతట. వాళ్ల డబ్బు విలువ పడిపోయి, మూడు సున్నాలు కొట్టేసి కొత్త నాణేలు వేసినప్పుడు ఆ రౌతునే వేసుకున్నారట. ఆయన చెప్పిందే ఇదంతా. అది మల్లన్న కాదని తెలిసే బిళ్ళ ఉండే చోట పెట్టాను. దట్టంగా పసుపు పూశాను.

అత్తమ్మకు అప్పటికే కళ్లలో శుక్లాలు. సోమవారం జగిత్యాలలో ఆపరేషన్‌కు పేరు రాయించి ఉంది. ఆదివారం బిళ్ళను బొటనవేలితో తడిమింది.

"ఏందే బిడ్డా, గుర్రం కాళ్లు గింత మంచిగ తగులుతున్నయ్? అరిగిపోయి ఉండె గద!"

"గట్టిగ తోమిన అత్తమ్మా."

"కాదే. మల్లన్న మల్ల లేచిండు. ఆయనే నా వేళ్లకు కనవడ్డంక కండ్ల ఆపరేషన్ ఎందుకే? దవాఖాన లేదు, ఏం లేదు. నేను రాను."

నేను బతిమాలితే వచ్చేది. నా మాట ఎన్నడూ తీసెయ్యలేదు. ఎందుకు బతిమాలలేదు? ఆమె భక్తికి అడ్డురావద్దనా? ఛీ, అబద్ధం! కళ్లొస్తే నాణేన్ని చూస్తుందని, చూస్తే నా బండారం బయటపడుతుందని. కోరుట్ల నుంచి ఆడబిడ్డ వచ్చి తీసుకుపోతానంటే కూడా, ఆమెకు ఇష్టం లేదని నేనే అడ్డుపడ్డాను. ఎంత పాపిష్టిదాన్ని!

నిరుడు కన్ను నొప్పి అంటే ఆమెను దవాఖానకు తీసుకుపోయాం. శుక్లం ముదిరి, లోపల ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదన్నాడు డాక్టరు. రెండో కన్నూ అంతే. ముందే తెస్తే చూపు నిలిచేదన్నాడు. ఆటోలో అత్తమ్మ నా చెయ్యి పట్టుకొని, నువ్వేం జేస్తవు బిడ్డా అని నన్నే ఓదార్చింది.

ఈ ఏడు వాళ్లు యూరోకు మారారు, ఆ నాణెం ఇక అంగళ్లలో చెల్లదని ఆయన ఫోన్‌లో చెప్పాడు. మా దేవుని అర్రలో మాత్రం దీపం వెలుగుతూనే ఉంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం మల్లన్న ఎట్లున్నడో చెప్పుమంటుంది. గుర్రాన్ని చెబుతాను, రౌతును చెబుతాను, కుక్కను చెబుతాను. గుర్రం కాళ్ల కింద సింహం ఉంది. అది చెప్పను, మా బిళ్ళ మీద సింహం లేదు. మొన్న ఆమె వేలు సరిగ్గా అక్కడే ఆగింది. చాలాసేపు ఆగింది. తెలిసిందా? పసుపు చేత్తోనే నా తల నిమిరింది.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబుతానో లేదో కూడా తెలియదు. మీకు చెప్పాను. ఇవాళ నాలుగు ముద్దలు గొంతు దిగాయి.