మెడ పట్టు

వెండెల్ స్ట్రౌడ్ మొండిఘటం. మోంటానాలో మా ఊరి ధాన్యం గోదాములో లారీలు బాగుచేసి రిటైరైనవాడు, నా నేస్తం. రైఫిలు తూటాలు కొనడు, తనే చేసుకుంటాడు. ఆ మాటకొస్తే మా క్లబ్బులో అందరం అంతే. ఇత్తడి గుల్లలో తుపాకిమందు పోసి, దాని మెడలో గుండు కూరుస్తాం. ఆ మెడ గుండును ఎంత గట్టిగా పట్టుకోవాలన్నదే మా తెగని తగాదా.

వెండెల్‌ది మరీ వదులు పట్టు. గుండు కొస బ్యారెల్ లోపల చెక్కిన గాడులకు ఆనేలా పెడతాడు. అలాగైతే దెబ్బలన్నీ ఒకే చిల్లులో పడతాయంటాడు. పడేవి కూడా, ఏం చెప్పను!

"కాస్త బిగించరా నాయనా! కాల్చకుండా బోల్టు వెనక్కి లాగి తూటా తీయాల్సొస్తే గుండు బ్యారెల్లోనే ఇరుక్కుంటుంది, మందంతా ఒలికిపోతుంది" అని మొత్తుకున్నాను.

"పెట్టిన తూటా నేనెప్పుడు వెనక్కి తీశాను గనక!"

"మా పెళ్ళినాడు నా మొహమైనా ఇంత పరీక్షగా చూళ్ళేదీ మనిషి" అంది వాడి పెళ్ళాం ఇర్మా, వాడు తిప్పి తిప్పి చూస్తున్న ఇత్తడి మెడను చూపించి.

మా క్లబ్బు వేసవి గురి పోటీలో వాడెప్పుడూ రెండోవాడే. గెలిచినవాళ్ళ పేర్లు చెక్కే పలక మీద తన పేరు ఒక్కసారి చూసుకోవాలని వాడి ఆశ. ఈ ఏడు ఆఖరి గుండు మిగిలుండగా అందరికంటే ముందున్నాడు. వాడి వెనకే నేను. అయినా వాడే గెలవాలని నా కోరిక.

"ఆపండి! బోల్టులు తీయండి!" అని పోటీ నడిపించే ఎల్డా కేకేసింది. మేం కాల్చే బల్లల ముందు గడ్డిలో ఒక జింక, వెనకాల దాని పిల్ల.

వెండెల్ బోల్టు తీశాడు. నేను భయపడ్డదే అయింది. గుల్ల బయటికొచ్చింది, గుండు లోపలే ఉండిపోయింది, మందు ట్రిగ్గరు దాకా ఒలికింది. బాగుచేసుకోవడానికి ఎల్డా టైమిచ్చింది. బ్యారెల్ మూతిలోంచి కడ్డీ దూర్చి తట్టి గుండు ఊడగొట్టాను, మందు ఊదేశాను.

"కానియ్. ఈ ఒక్కటీ కొడితే పలక నీదే!"

వాడు కదల్లేదు. "ఇంతకీ ఎందుకాపారు?" అన్నాడు మెల్లిగా.

"జింకరా! పిల్లతో సహా నీ ముందు, కాస్త పక్కగా పోయిందిగా!"

"ఎటువైపు?"

ఎగతాళేమోనని ఒళ్ళు మండింది. వాడి మొహం చూశాక కాదని తెలిసింది.

"ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుందిరా. పక్కలే... కొన్నాళ్ళుగా ఏమీ కనపడ్డం లేదు. ఇర్మాకి చెప్పలేదు."

"ఇప్పుడేం అడ్డం లేదు. నేను చూస్తున్నాగా, కొట్టు!"

"ఎల్డా అరవకపోతే ట్రిగ్గరు నొక్కేసేవాణ్ణి. జింకపిల్ల కాబట్టి సరిపోయింది. అదే ఎవరి పిల్లాడో అయితే?"

రైఫిలు సర్దేసుకుని బల్ల దగ్గర్నుంచి లేచాడు. ఆ ఏడు పలక మీద నా పేరు పడింది. అంత ఏడుపొచ్చిన గెలుపు నాకింకోటి లేదు.

బయట ఇర్మా ట్రక్కు దగ్గర నిలబడి ఉంది. ఇన్నేళ్ళలో ఆ బండి తాళం ఆవిడ చేతికిచ్చిన పాపాన పోలేదు వాడు. ఇప్పుడు జేబులోంచి తీసి ఇచ్చాడు.

"నువ్వు నడుపు."

"ఇప్పటికైనా ఇచ్చావా, మహానుభావా! నువ్వు రోడ్డెక్కినప్పుడల్లా పక్కన కూచుని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుంటున్నా" అంది ఇర్మా, కళ్ళు తుడుచుకుంటూ.