ప్రేమవిందు లెక్కకు కుదిరిన గీత

శామీర్‌పేటలో మా చర్చి జనం లెక్క ఇరవై ఏళ్లు రాసింది నేనే. ఒక్కొక్క తలనూ వేలితో చూపించి మరీ లెక్కపెట్టేవాణ్ణని మనవరాలికి చెప్పాను. దుండిగల్‌లో ఇంజినీరింగ్ చదివే ఆ పిల్ల, ఒకచోట జనం ఎలా పెరిగారో రిగ్రెషన్ మోడల్‌తో, అంటే అంకెలకు సరిపడే గీతతో, చూపించాలట. మర్నాడే ప్రాజెక్టు ఇవ్వాలి. నా పాత నోటుబుక్కు గర్వంగా ఇచ్చాను.

లాప్‌టాప్‌లో ఏడాదికో చుక్క పెట్టింది. తిన్నని గీత గీస్తే కుదరలేదు. పైకి వంగుతూ పోయే గీత గీసింది.

"తాతా, గిది మస్తు కుదిరింది! ఏటేటా పదో వంతు పెరిగిన్రు."

"మరి గీత ఎందుకు వంగింది బిడ్డా?"

"పెరిగినోళ్ల మీద మళ్ల పెరుగుతరు గదా."

అర్థం కాకపోయినా తల ఊపాను. ఆమె ముఖం మాత్రం మారింది.

"ఒక్క చుక్క గూడ పక్కకు పోతలేదేంది? మనుషులు పుడుతరు, పోతరు, కౌకూర్‌కు ఇల్లు మారుతరు. మా సార్ ఫస్ట్ గదే అడుగుతడు. ఏం జెప్పాలె?"

ఇక దాచలేకపోయాను. నేను రాసింది ఇరవై ఏళ్లు కాదు, నోటుబుక్కులో ఉన్న తొమ్మిదేళ్లే. లెక్కపెట్టింది మొదటి క్రిస్మస్‌కు ఒక్కసారే. ఆరాధన అయ్యాక అందరం కలిసి తినే ప్రేమవిందుకు బియ్యం ఎంత పొయ్యాలో చెప్పడం నా పని. ఆ తర్వాత ఏటా కిందటేటి అంకె మీద పదికొకటి కలిపి రాసేవాణ్ణి.

"అంటే నీ అబద్ధానికి మోడల్ పెట్టిన్నా నేను?"

"అబద్ధం గాదు, ముందుచూపు."

"నీ ముందుచూపు పాడుగాను!"

బీరువాలోంచి చర్చి మెట్ల మీద ఏటా విందుకు ముందు దిగిన గ్రూప్ ఫొటోలు తీశాను. ఇద్దరం తలలు లెక్కపెట్టాం. చుక్కలు చెల్లాచెదురుగా పడ్డాయి. వాటి మధ్య నుంచి తిన్నని గీత లాగింది. దాదాపు ఏ చుక్కా దాన్ని తాకలేదు.

"ఇది కుదిరినట్టా?"

"గిదే నయం. ఎంత తప్పుతాందో గూడ రాస్త."

నా అంకెలన్నీ గీత మీదే కూర్చుంటే పారేసింది, తాకని వాటిని ఉంచుకుంది. ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

"రెండో ఏడు గింత తక్కువేంది తాతా?"

అదీ చెప్పక తప్పలేదు. నేను నిజాయితీగా లెక్కపెట్టిన మొదటి ఏడు అన్నం చాలలేదు. మరుసటేడు సగం మంది ఫొటోకు ఆగకుండా ముందే భోజనాల పంక్తిలో కూర్చున్నారు.

"గది గూడ రాస్తున్న," అంది. ఆ చుక్కను మాత్రం తీసేయలేదు.