ఆ ఎడమ చక్రం బిగించింది నేనే

నా వీడ్కోలు సభలో మాట్లాడిన వాళ్ళందరూ నేనొక అబద్ధం ఆడినందుకు నన్ను మెచ్చుకున్నారు. ఒక డ్రైవరు ఉద్యోగం నిలబెట్టడానికి, సాటి తెలుగువాడన్న అభిమానంతో, జీపు చక్రం మార్చింది తానేనని విచారణలో చెప్పిన కరుణామయిని నేనట. కలకత్తా తెలుగు ఇళ్ళల్లో ఇప్పటికీ ఈ కథే నడుస్తోంది. ఏ పేరంటానికి వెళ్ళినా తాంబూలం అందుకునేలోపు ఎవరో ఒకరు దీన్ని ఎత్తుతారు. నేను కరుణామయిని కాను. నా కింద పనిచేసిన ఎవరిని అడిగినా ఆ సంగతి చెబుతారు. అబద్ధమూ ఆడలేదు. చక్రం మార్చింది నేనే.

ఎనభైల చివర్లో, వానలు మొదలైన రోజుల్లో, నన్ను ఖిదిర్‌పూర్ రేవు గోడౌన్లకు క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ప్రభుత్వ ధాన్యం నిల్వచేసే సంస్థ మాది. ఓడలో వచ్చిన గోధుమ తడిసిందా, పురుగు పట్టిందా అని బస్తాల్లోకి ఇనుప గొట్టం గుచ్చి, గింజ తీసి, తేమ చూసి రాసివ్వడం నా పని. ఆ కాగితం అందేదాకా లారీ కదలదు. గోడౌన్లు బజ్‌బజ్ నుంచి తారాతలా దాకా చెదిరి ఉండేవి కాబట్టి ఇన్‌స్పెక్టర్‌కి ఒక పాత జీపు ఇచ్చారు. జీపుతోపాటు ఇద్దరు మనుషులు: నడపడానికి డ్రైవరు; కడగడానికి, నీళ్ళు పోయడానికి, చక్రం మార్చడానికి ఖలాసీ. ఈ విభజన తమాషాకి పెట్టింది కాదు. డ్రైవరు జాకీ ముట్టుకుంటే ఖలాసీ పని లాక్కున్నట్టు. ఆఫీసరు స్టీరింగ్ ముట్టుకుంటే ఇద్దరి పనీ లాక్కున్నట్టు. యూనియన్‌కూ యాజమాన్యానికీ మధ్య కుదిరిన ఒప్పందాల్లో, నాకు తెలిసి, ఇరుపక్షాలూ తుచ తప్పకుండా పాటించింది ఇదొక్కటే.

డ్రైవరు పేరు అప్పన్న. శ్రీకాకుళం వైపు మనిషి; తండ్రి కాలం నుంచి ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్స్‌లో ఉంటున్నారు. అంతకుముందు పెద్ద మేనేజరు గారి అంబాసిడర్ నడిపేవాడు. జీపు మీదికి కొత్తగా వచ్చాడు. దాన్ని కొంచెం చిన్నచూపు చూసేవాడు కూడా.

ఆ రోజు బ్రిగేడ్ మైదానంలో సభ. ఊరంతా ఊరేగింపులు. మా ఖలాసీ పొద్దున్నే హాజరు వేయించుకుని జెండా పట్టుకుని వెళ్ళిపోయాడు. తారాతలా గోడౌన్‌లో వానకు తడిసిన సరుకు ఒకటి ఉంది. సాయంత్రంలోగా చూడకపోతే మొలకెత్తుతుంది. బజ్‌బజ్ నుంచి వస్తుంటే దారిలో ముందు ఎడమ చక్రం, అంటే నా కాళ్ళ పక్కన ఉన్నది, గాలి పోయి కూర్చుంది.

అప్పన్న దిగి, చక్రాన్ని చూసి, బీడీ వెలిగించాడు.

"స్టెప్నీ వెయ్యి అప్పన్నా" అన్నాను.

"ఖలాసీ పనండి అది. నాను ముట్టుకుంటే రేపు యూనియనాపీసుల నన్నే నిలబెడతారు."

"ఖలాసీ మైదానంలో ఉన్నాడు. రేపటిదాకా ఇక్కడే కూర్చుందామా?"

"ఏటి సేత్తామండి, మీరే సెప్పండి" అని బీడీ రెండో దమ్ము లాగాడు.

నేనే చేస్తానన్నాను. నవ్వాడు. ఆ నవ్వుకే చీరకొంగు నడుముకి బిగించాను.

మా నాన్నగారు విజయనగరంలో రోడ్ల శాఖ ఓవర్సీరు. ఆయన జీపు చక్రాలతోనే నా చిన్నతనం గడిచింది. కాబట్టి ఈ పని తెలిసే చేశాను, తెగించి కాదు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టించి, వెనక కుడి చక్రానికి ముందూ వెనకా ఇటుకలు పెట్టాను. వెనక కొంత దూరంలో చెట్టుకొమ్మ ఒకటి రోడ్డు మీద అడ్డంగా వేశాను. ఎర్రగుడ్డ లేని చోట అదే గుర్తు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం కొంచెం వదులు చేయాలి. జాకీ మీద ఎత్తాక చేస్తే చక్రం తిరుగుతుంది, జీపు జారుతుంది. ఇరుసు కింద జాకీ పెట్టి లేపి, చక్రం తీసి, స్టెప్నీ ఎక్కించి, అయిదు నట్లూ చేత్తో తిప్పి, జాకీ దించాక పానాతో బిగించాను. పక్కపక్కవి వరసగా బిగించకూడదు. ఒకటి బిగించాక దానికి ఎదురుగా ఉన్నది బిగించాలి. లేకపోతే చక్రం ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది.

ఇంకొక సంగతి. ఆ కాలపు జీపుల్లో ఎడమ వైపు చక్రాలకి మర ఎదురు తిరుగుతుంది. గ్యారేజీల్లో ఉల్టా చూడీ అంటారు. ప్రపంచంలో ఏ నట్టయినా గడియారం ముల్లు తిరిగినట్టు తిప్పితే బిగుస్తుంది, ఇది వదులవుతుంది. బోల్టు కొన మీద ఎల్ అక్షరం చెక్కి ఉంటుంది, చూసేవాళ్ళకి. అంబాసిడర్ మనిషికి తెలియదేమోనని అప్పన్నకి ఆ అక్షరం చూపించి చెప్పాను. తల ఊపాడు. తల ఊపడం వేరు, వినడం వేరని పెళ్ళయిన ఏ ఆడదానికైనా తెలుసు.

రోడ్డు పక్క అరుగు మీద కూర్చున్న ఇద్దరు ముసలివాళ్ళు మొదటి నుంచీ సలహాలిస్తూనే ఉన్నారు. "దిదీ, ఆప్ని పార్‌బేన్ నా," మీవల్ల కాదు అని ఒకాయన జీపు జాకీ మీదికి లేచేదాకా అన్నాడు. దించాక, తనకు ముందే తెలుసన్నాడు.

మార్చిన చక్రం కాస్త దూరం నడిచాక నట్లు కొంచెం సర్దుకుంటాయి. అప్పుడు ఆగి ఇంకోసారి బిగించాలి. ఇది నియమం. తారాతలా చేరాక నేను గోడౌన్‌లోకి వెళ్తూ, పానా వేసి ఒకసారి చూడమని అప్పన్నకి చెప్పాను. ఉల్టా అని మళ్ళీ చెప్పాను. శాంపిల్ తీసుకుని తిరిగొచ్చి, చూశావా అంటే "సూసినానండి" అన్నాడు. నేను మళ్ళీ వంగి చూడలేదు. చేతినిండా తడి గోధుమ ఉంది.

గోడౌన్ సందు దాటి పెద్దరోడ్డు ఎక్కుతుండగా నా కాళ్ళ కింద జీపు కుంగింది. ఆ వెంటనే, మా చక్రం మమ్మల్ని దాటుకుని ముందుకు వెళ్తూ కనిపించింది. చూడటానికి ఎంత విచిత్రంగా ఉంటుందో చెప్పలేను. ఎవరిదో చక్రం పోతోందనే ఒక్క క్షణం అనుకున్నాను. అప్పన్న స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, బ్రేకు మీద ఎగిరి దూకకుండా, మెల్లగా ఆపాడు. ఆ మాట చెప్పితీరాలి, బాగా ఆపాడు. మాకేమీ కాలేదు. చక్రం మాత్రం ఆగలేదు. వీధి మొదట్లో ఒక పార్టీ వాళ్ళు కట్టుకున్న అమరవీరుల స్మారకం ఉంది. నేరుగా వెళ్ళి దాన్ని కొట్టింది. ఎర్ర రంగు పెచ్చు ఊడిపడింది.

మనుషులకి దెబ్బ తగిలి ఉంటే సంగతి అక్కడికక్కడే తేలేదేమో. స్మారకానికి తగిలింది. సాయంత్రానికి ఆ పార్టీ లోకల్ కమిటీ వాళ్ళు మా ఆఫీసులో కూర్చున్నారు: బాధ్యుడెవరో తేల్చాలి, తేల్చి ఉద్యోగం నుంచి తీసెయ్యాలి. బోల్టులు విరగలేదు, మరలు చెడలేదు. నట్లు వదులై ఊడినవే. అంటే బిగించినవాళ్ళదే తప్పు. బిగించింది నేను. ఆ మాటే చెప్పాను. ఆఫీసరుకి మందలింపుతో పోతుంది, డ్రైవరుకయితే ఉద్యోగమే పోతుందని నాకు తెలుసు. కానీ అందుకని చెప్పలేదు. జరిగింది కాబట్టి చెప్పాను.

అప్పన్న ఏం చెప్పాడంటే, చక్రం మార్చింది తనేనని.

బీడీ కాలుస్తూ నిలబడినవాడు! ముట్టుకుంటే యూనియన్ నిలబెడుతుందన్నవాడు! నాకు మతిపోయింది. వరండాలో పట్టుకుని అడిగితే "మీరూరుకోండమ్మా" అన్నాడు తప్ప ఇంకొక మాట లేదు.

విచారణ అధికారి ఘోషాల్ గారు, మా డిప్యూటీ మేనేజరు. మర్యాదస్తుడు. నా వాంగ్మూలం విని, కళ్ళద్దాలు తుడుచుకుని, "మీ మనసు పెద్దది దిదీ" అన్నారు. నా మనసు సంగతి కాదు, చక్రం సంగతి రాసుకోమన్నాను. అరుగు మీది ముసలివాళ్ళని అడగమన్నాను. ప్యూను వెళ్ళి అడిగొచ్చాడు: అవును, ఒక మహిళ ఉన్నారు, చాలాసేపు అరుస్తూ ఉన్నారు. అంతే. నేను చేసిన పని ఎవరికీ గుర్తులేదు, అరిచింది గుర్తుంది.

యూనియన్ కార్యదర్శి బిశ్వాస్-దా అయినా నా మాట పట్టుకుని తన సభ్యుణ్ణి గట్టెక్కిస్తాడనుకున్నాను. ఆయన నాకంటే ఇబ్బందిలో ఉన్నాడు. చక్రం ఆఫీసరు మార్చిందంటే ఖలాసీ ఎక్కడున్నాడన్న ప్రశ్న వస్తుంది. ఖలాసీ ఎక్కడున్నాడో, ఏ జెండా కింద ఉన్నాడో అందరికీ తెలుసు. యాజమాన్యానికి ఇంకో చిక్కు: ఆఫీసరు జాకీ పట్టిందని రాస్తే ఒప్పందం పోయింది. ఒకరితో ఒకరికి పడని వాళ్ళందరికీ చక్రం అప్పన్న చేతుల్లో ఉండటమే అనుకూలంగా ఉంది. అప్పన్నకి కూడా! నాకొక్కదానికే నిజం కావలసి వచ్చింది. నేను చెప్పిన కొద్దీ అది మెచ్చుకోలుగా మారి నా మీదే పడుతోంది.

చివరికి, అదే జీపుకి, అదే చక్రం, మీ అందరి ముందూ మార్చి చూపిస్తానని పట్టుబట్టాను. ఒప్పుకున్నారు. ఇది ప్రదర్శనే తప్ప పని కాదని, దీనివల్ల ఖలాసీల హక్కులకు భంగం లేదని ముందుగా రాసివ్వాలన్నాడు బిశ్వాస్-దా. రాసిచ్చారు. వర్క్‌షాపు ఆవరణలో టీ గ్లాసులతో గుమిగూడారు. ఇటుకలు పెట్టాను, వదులు చేశాను, ఎత్తాను, మార్చాను, దించాను, ఎదురెదురుగా బిగించాను. వర్క్‌షాపు ఫోర్‌మన్ పానా వేసి తన బరువంతా మోపాడు. ఒక్క నట్టు కదల్లేదు. చప్పట్లు కొట్టారు. అప్పన్న కొట్టలేదు. గోడకానుకుని నేలవైపు చూస్తున్నాడు.

గెలిచాననుకున్నాను. ఘోషాల్ గారు కళ్ళద్దాలు మళ్ళీ తుడిచారు.

"అద్భుతంగా బిగించారు దిదీ. ఆ రోజు బిగించింది మీరే అయితే చక్రం ఊడేది కాదు. ఊడింది. కాబట్టి మీరు కాదు."

నా జీవితంలో ఎన్నో వాదనలు గెలిచాను. ఇది ఓడిపోయాను. నోరు తెరిచి, మూసుకున్నాను. కలకత్తాలో నేను నోరు మూసుకున్న రోజు అదొక్కటే అని మావారు అంటారు.

అప్పన్న ఉద్యోగం పోలేదు. స్టీరింగ్ పోయింది. గోడౌన్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా వేశారు. రిటైరయ్యే వరకూ ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. నా జీపు గేటులోంచి పోతుంటే లేచి నిలబడి, మొట్టమొదట ముందు ఎడమ చక్రం చూసేవాడు.

నా వీడ్కోలు సభకి అతనూ వచ్చాడు. ముందస్తు విరమణ పథకం కింద నేను ఉద్యోగం వదులుకున్న రోజది. ప్రసంగాలు అయ్యాక, మిష్టి దోయ్ అనే తీపిపెరుగు మట్టిగిన్నె పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"అందరూ మీరు అబద్దమాడినారంటన్నారు. ఆడింది నానండి."

"తెలుసు అప్పన్నా. ఎందుకు ఆడావో అదే తెలీదు."

"మీ పేరు పోద్దని. మీరు బిగించినవి సాల్నేదమ్మా. తారాతలా కాడ పానా ఏసి సూత్తే లొడలొడమని కదిలినాయి. నానే అన్నింటినీ తలో అర సుట్టు తిప్పినాను. ఆడమనిసి కదా, సేతుల ఎంత బలముంటాది అనుకున్నాను. మీరు ఆవరణల మల్లీ బిగిత్తే మాత్రం... నాకేటీ అర్దం కానేదు."

ఇన్నేళ్ళూ నేను అతన్ని కాపాడబోయాననుకుంటున్నారు జనం. అతను నన్ను కాపాడాననుకుంటున్నాడు. నేను బిగించినవి బిగించే వైపు ఇంకో అర చుట్టు తిరగవు. ఫోర్‌మన్ బరువుకే కదల్లేదు. కదిలాయంటే...

"ఎటు తిప్పావు?" అన్నాను.

"బిగించే వైపే. మరింకెటు?"

"బిగించే వైపంటే ఎటు అప్పన్నా?"

అతని మొహం మారిపోయింది. "అంత ఏళ్ళు బండి నడిపినోణ్ణి. పానా ఎటు తిప్పాలో నాకు నేర్పుతారేటి మేడమ్‌గోరూ" అని లేచి, గిన్నె పడేసి, ఖిదిర్‌పూర్ బస్సు ఎక్కేశాడు.

చక్రం మార్చే పని తెలుసుకోవాలనుకునే వాళ్ళకి నేను చెప్పగలిగింది ఇది: చక్రం ఎవరు మార్చారో, కొంత దూరం నడిచాక మళ్ళీ వాళ్ళే దిగి బిగించాలి. ఒక నట్టు మీద రెండు చేతులు పడకూడదు. పడితే, చక్రం ఊడినప్పుడు ఎవరి నిజమూ నిలబడదు. పాత జీపయితే బోల్టు కొన మీద అక్షరం చూసుకోండి. నేను ఆ తర్వాత ఎన్ని చక్రాలు మార్చినా మళ్ళీ పానా ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

అప్పన్న ఇంకా ఖిదిర్‌పూర్‌లోనే ఉన్నాడు. మాకు అటు బస్సులున్నాయి. ఒక పానా సంచిలో వేసుకుని వెళ్ళి, అతని ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా కూర్చోవాలని చాలాసార్లు అనుకున్నాను. అతను గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే తప్పు అతనిది, శిక్ష సరిగ్గానే పడింది. ఎదురు తిప్పితే తప్పు నాది, నా శిక్ష అతను మోశాడు. రెండింట్లో ఏది కావాలో నాకే తెలియదు. అయినా నాకు కావలసింది ఒక్క జవాబే.

అప్పన్నా, ఆ రోజు పానా ఎటు తిప్పావు?