దూకితే దాటే కాలువ

నా చిన్నప్పుడు మా ఊళ్లో సాయంత్రం పూట చుట్టి రాదగిన దారి ఒకటి ఉండేది. నిమ్మనపల్లె దగ్గర చిన్న పల్లె మాది. ఊరి చివర కాలువ గట్టు పట్టుకొని పైకి పోతే, ఆ కాలువ ఏటిలోంచి బయలుదేరే చోటు వస్తుంది. అక్కడ కాలువకు అడ్డంగా వేసిన బండ దాటి, కానుగ చెట్ల నీడన ఏటి గట్టు మీదుగా దిగివస్తే మళ్లీ ఊళ్లోకే చేరతాం. ఎగుడు దిగుడు లేదు, ముసలివాళ్లు కూడా ఆయాసపడకుండా తిరిగి రావచ్చు. అంత సుఖమైన దారిని నేను సుఖంగా తలచుకోలేను.

అది రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న కాలం. మా నాయన బెంగుళూరులో ఫ్యాక్టరీ పనికి పోయాడు. మా అమ్మకు క్షయ వచ్చి, మదనపల్లె దగ్గరి మిషన్ ఆసుపత్రిలో చాలాకాలం ఉండింది. నాకు ఏడేళ్లప్పుడు, నయమైందని కబురొస్తే మా తాత బండి కట్టుకొని పోయి తీసుకొచ్చాడు. ఇంట్లోకి మాత్రం రానివ్వలేదు. మా అవ్వ కళ్లం దగ్గరి కొట్టం ఊడ్పించి, ఒక కంచం, ఒక చెంబు వేరుగా పెట్టించింది. నన్ను ఆ దిక్కుకే పోవద్దంది. అవ్వ చెడ్డ మనిషి కాదు. కన్నకూతురిని, మా మేనత్తను, ఆ జబ్బుకే పోగొట్టుకున్నది. ఆమె మాటకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. తాతకైతే గొడవంటే చాలు, జ్వరం వచ్చేది.

రోజూ సాయంత్రం నిదానంగా నడవమని ఆసుపత్రిలో అమ్మకు చెప్పి పంపారు. ఆమె కాలువ గట్టున పైకి పోయి ఏటి గట్టున దిగి వచ్చేది. తాత ఇది గమనించాడు. "పిల్లకు ఏరు సూపిచ్చుకోని వస్తా" అని అవ్వతో చెప్పి, నన్ను వెంటబెట్టుకొని అదే దారిని అటునుంచి మొదలుపెట్టేవాడు. గుండ్రటి దారిలో ఎదురెదురుగా నడిస్తే కలవక ఎక్కడికి పోతారు? నేను కొట్టం దిక్కుకు పోనూ లేదు, అమ్మను చూడకుండా ఉండనూ లేదు. తాతంత తెలివైనవాడు మా ఊళ్లోనే లేడని నేను మురిసిపోయాను.

కాలువ మొదట్లో కలిసేవాళ్లం. ఆ గట్టున అమ్మ, ఈ గట్టున మేము. నాలాంటి పిల్ల దూకితే దాటేటంత కాలువ.

"ఏం తిన్యావమ్మా?" అనేది.

"సంగటి."

"జడ ఎవురేసినారు?"

"అవ్వ."

"బాగుండాది" అనేది గానీ, వదులుగా ఉన్న జడ వంక చూస్తూ ఆమె వేళ్లు ఊరికే కదిలేవి. ఒక్కోసారి వంగి పైన నీళ్లలో చెయ్యి పెట్టేది. నేను కాస్త కిందుగా పెట్టేదాన్ని. ఆమె చెయ్యి తడిపిన నీళ్లు నా చేతిమీదుగా పోయేవి. తాత అప్పుడు చెట్ల వైపు తిరిగి నిలబడేవాడు. ఆ తర్వాత మేము పక్కకు తప్పుకుంటే ఆమె బండ దాటి ఏటి గట్టు పట్టేది, మేము ఆమె వచ్చిన కాలువ గట్టు పట్టేవాళ్లం. తడి మట్టిలో అమ్మ అడుగులు తేటగా కనిపించేవి. వాటిలో కాలు పెట్టుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని.

ఎండలు ముదరకముందే ఏటా ఊరంతా కలిసి కాలువకు అడ్డుపడిన ఇసుక తీసేవారు. ఇంటికొక మనిషి పోవాలి. ఇసుకలో ఒకే చెలమ తవ్వి అందరూ అందులోనే నీళ్లు తాగేవారు, తెచ్చుకున్న సద్ది పంచుకు తినేవారు. అక్కడ చెయ్యి కలిపిన ఇంటికే కాలువ నీళ్లలో వంతు. ఆ పని జరుగుతున్న రోజుల్లోనే ఒక సాయంత్రం నాకు ఓపిక నశించింది. పావడ ఎత్తిపట్టి దూకబోయాను. తాత వెనకనుంచి పావడ పట్టుకొని లాగాడు. లాగుతూ ఆయన అమ్మవైపు చూడలేదు, దూరంగా ఇసుకలో పనిచేస్తున్న మనుషులవైపు చూశాడు. అమ్మ మాత్రం తనకు తానుగా ఒక అడుగు వెనక్కి వేసింది. ముఖంలో నవ్వు అట్లాగే ఉండింది.

తర్వాత కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆమె కాలువ దగ్గర కనబడలేదు. తాత నన్ను ఆ దారి చుట్టూ పూర్తిగా నడిపించాడు. గట్టు మీద అడుగులు లేవు. ఆ పొద్దున్నే అమ్మ తిరిగి ఆసుపత్రికే పోయిందట, అక్కడ దుప్పట్లు కుట్టే పనికి కుదిరిందట. ఇక మా ఊరికి రాలేదు.

నాకు పెళ్లయి, బిడ్డను ఎత్తుకొని పుట్టింటికి వచ్చినప్పుడు, మంచంలో ఉన్న తాత నా చంకలోని బిడ్డను చాలాసేపు చూశాడు. "మీ అమ్మను తోలుకొచ్చిన పొద్దే డాక్టరమ్మ సెప్పిందమ్మా, బిడ్డను ఎత్తుకోవచ్చు, ఏం భయం లేదని. నేనే ఇంట్లో సెప్పలేదు" అన్నాడు.

"యాల చెప్పలేదు తాతా?"

"మీ అవ్వ నమ్మినా ఊరు నమ్మదు. మనల్ని చెలమ కాడికి రానీరు. నీళ్ల వంతు పోతాది. పైరు ఎండిపోతే అందురమూ ఏం తినేది?"

నాకు ఒళ్లు మండింది. తిట్టాలని నోటిదాకా వచ్చింది గానీ, ఆ వంతు నీళ్లతో పండిన కూడు తినే నేనూ పెరిగాను. లేచి వచ్చాను. నన్ను రోజూ అంత దూరం నడిపించిన మనిషి, ఇంట్లో ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఆయన మీద ప్రేమా పోలేదు, ఆ కోపమూ పోలేదు.

అమ్మ బతికున్నంతకాలం బస్సెక్కి పోయి చూసి వచ్చేదాన్ని. ఒకరినొకరు తాకవద్దని అప్పుడు మాతో ఎవరూ అనలేదు. అయినా బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర నేను కూర్చొని, ఏం తిన్నావంటే ఏం తిన్నావని ఒకరినొకరు అడిగేవాళ్లం. దగ్గరికి జరగడం ఇద్దరికీ చేతకాలేదు.

ఇప్పుడు నా మనవరాలు బడినుంచి పరిగెత్తుకుంటూ వచ్చి మీద పడబోతుంది. నా కాలు దానంతటదే ఒక అడుగు వెనక్కి పడుతుంది. ఆ అడుగు మా అమ్మది. పిల్ల నిలబడిపోయి నా ముఖం చూసేలోపే నేను వంగి దాన్ని గట్టిగా పట్టుకుంటాను.